చల్లారేదాకా

డాక్టరు కాగితం మీద గొట్టం బొమ్మ గీశాడు.
పైపులో పాచి పట్టినట్టు, అన్నాడు.
నేను ఆపాను.
ఇరవై రెండేళ్ళుగా మొరియోకా నీటి సరఫరా శాఖలో
రాత్రి రెండింటికి రోడ్డు మీద మోకరిల్లి
ఇనపకడ్డీ చెవికానించి
భూమి కింది నీళ్ళు వినేదాన్ని.
పైపుల సంగతి నాకు చెప్పకండి.
పైపుకి అమ్మ ఉండదు.
మేనత్త పోలిక రాదు.

మొదటిసారి సంగీతం క్లాసులో.
నోటితో ఊదుతూ మీటలు నొక్కే వాయిద్యం.
పాట సగంలో నొదోకా కుడిచెయ్యి జారి
ఒళ్ళో పడింది, ఎవరిదో వస్తువులా.
టీచరు అలసటనుకుంది.

రెండోసారి మా ఇంట్లో.
పొగలు కక్కే నూడుల్స్ గిన్నె ముందు పెట్టి
నేనే అన్నాను, ఊదుకుని తిను తల్లీ అని.
ఊదింది. ఉఫ్. ఉఫ్. ఉఫ్.
నాలుగో ఊపిరికి పుల్లలు నేల మీద.
"అత్తా" అనబోయి
"అత్" దగ్గర ఆగిపోయింది.
నాలుగు నిమిషాలు.
గోడగడియారం చూసి లెక్కపెట్టాను,
లీకు దొరికితే టైము రాసుకునే అలవాటుతో.
తర్వాత, ఏమీ జరగనట్టు,
ఇంకో గుడ్డు వెయ్యమంది.

తెర మీద చూపించారు:
పుర్రె అడుగున రెండు పెద్ద నాళాలు
కొసకొచ్చేసరికి దారప్పోగులైపోయి,
చుట్టూ, వేరే దారి లేక పుట్టుకొచ్చిన
లెక్కలేనన్ని సన్న నాళాలు.
మసగ్గా తేలిపోయే పొగకి మా భాషలో ఒక మాటుంది.
మోయమోయ.
జబ్బు పేరూ అదే.
ఇంత మెత్తటి పేరు పెట్టడానికి ఎవరికి మనసొప్పిందో.

ముగ్గురం రక్తమిచ్చాం.
పదిహేడో క్రోమోజోము మీద ఒక్క అక్షరం తేడా.
తమ్ముడు తొమోనరికి ఉంది. వాడి కూతురికి ఉంది.
నాకూ ఉంది.
నా నాళాలు మాత్రం యాభై మూడేళ్ళకీ
బార్లా తెరుచుకుని ఉన్నాయట.
ఎందుకని అడిగితే
డాక్టరు పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశాడు.
మోసేవాళ్ళు చాలామంది,
మూసుకుపోయేది కొందరికే, అన్నాడు.
ఆ కొందరిలో ఎనిమిదేళ్ళ పిల్ల ఎందుకుందో
ఏ కడ్డీ పెట్టి వినను?

మా అమ్మ
వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ పార మీదికి ఒరిగిపోయింది.
నాకు పన్నెండు.
ఈ ఊళ్ళో ఉప్పు ఎక్కువ తింటారు, బీపీ, అన్నారు.
నలభై ఏళ్ళు ముల్లంగి ఊరగాయని తిట్టుకున్నాను.
ఇంటికెళ్ళి ఆ జాడీ ముందు కాసేపు కూర్చున్నాను.

కారే పైపు ఊరుకోదు. బుసకొడుతుంది.
తారు కింద, మట్టి కింద ఉన్నా
ఎక్కడున్నానో చెప్పేస్తుంది.
ఇరుకయ్యేది చప్పుడు చెయ్యదు.
ఏడాదికింత, ఏడాదికింత.
మా ఉద్యోగంలో నిశ్శబ్దం అంటే
ఇంటికెళ్ళి పడుకోవచ్చని.

చెవి ముందు కొట్టుకునే నాళాన్ని విడదీసి
ఎముకకి కిటికీ కోసి
మెదడు మీద పడుకోబెట్టారు.
నారు పీకి మరో మడిలో నాటినట్టు.
వేళ్ళు తన్నుకోవడానికి నెలలు పడుతుందన్నారు.
కళ్ళజోడు కాడ ఆ పక్క బిగుతుగా ఉండకూడదన్నారు.
ఏడవనివ్వద్దన్నారు.
ఎనిమిదేళ్ళ పిల్లని
ఏడవనివ్వద్దన్నారు.

నిన్న స్టేషను వెనక కొట్టుకి తీసుకెళ్ళాను.
రెండు గిన్నెలొచ్చాయి.
అన్ని బల్లల దగ్గరా ఊదుకుంటూ, జుర్రుకుంటూ జనం.
మేమిద్దరం చేతులు కట్టుకుని కూర్చున్నాం.
నేను ఊదుకోవచ్చు. నాకేమీ కాదు.
"నువ్వు తినవా?"
"నాకూ వేడే."
ఆవిరికి దాని కళ్ళజోడు మసకేసింది.
తుడవబోతే తల వెనక్కి లాక్కుని
మోయమోయ, అంది,
ఏదో గెలిచినట్టు నవ్వుతూ.

అప్పటికి నూడుల్స్ ఉబ్బిపోయాయి.
తిన్నాం.