ఉప్పు చూడటం

అన్నం ఉడికిందా అంటే
ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు.
కాంక్రీటు ఆ మాట వినదు.
లారీకొక దిమ్మె కావాలి,
ప్రతి దిమ్మే నీళ్ళలో నానాలి,
ఇరవై ఎనిమిది రోజులు
ఎవరూ తొందరపెట్టకూడదు.

టాల్కవానో రేవు వెనక
చేపల పిండి మిల్లు వాసన
కిటికీ సందుల్లోంచి దూరే గదిలో
ఎడెల్మీరా వెంచుమిల్ తొట్టి మూత తీస్తుంది.
అడుగున బూడిదరంగు దిమ్మెలు,
నెత్తిన మైనపు పెన్సిలుతో
తేదీ, అంతస్తు, స్తంభం.
పురిటి వార్డులో ఇంకా పేరు పెట్టని పిల్లల
చేతులకి కట్టిన చీటీల్లా.
నిలబడాల్సిన వాటి తరఫున
పగలడానికే పుట్టినవి.

"బడి, కొత్త భాగం, మూడో అంతస్తు"
చదివి, చేతులు తుడుచుకుంటుంది.

యంత్రం పాతది.
సూది ఎక్కేటప్పుడు
కచేరీకి ముందు ముసలాయన గొంతు సవరించుకున్నట్టు
ఒక మూలుగు.
మొదటిది ఇరవై ఆరు దాకా మోసి పగిలింది.
పెళుసులన్నీ రాలిపోగా
నడుం సన్నబడ్డ డమరుకం మిగిలింది.
పద్ధతైన చావు.
రెండోది ఇరవై అయిదున్నర. అదీ డమరుకమే.

మూడోది
పదకొండు దశాంశం ఎనిమిది దగ్గర
పెద్దగా చప్పుడైనా చెయ్యకుండా
పక్కకి ఒరిగింది,
జీతం కూడా అడక్కుండా
పని మానేసిన మనిషిలా.

"కూర్చోబెట్టడంలో తేడా వచ్చుంటుంది,
దీన్ని లెక్కలోంచి తీసేద్దామా?"
అన్నాడు ఎలెయాసర్.
చేరి నాలుగు నెలలే అయింది.
కాగితం మీద వంకర అంకె కనబడితే
చొక్కా మీద మరకలా తుడిచెయ్యాలనిపించే వయసు.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుంది.
ముక్కల్ని ఒక్కొక్కటిగా తిరగేసింది.
గోటితో గీకితే రాలుతోంది.
గుండె దగ్గరి ముక్కలో
చిటికెనవేలి గోరంత
తెల్లటి గవ్వ పెంకు.

ఏ ప్రమాణాల పుస్తకంలోనూ లేని పరీక్ష ఒకటుంది.
కూరకి చూసినట్టు
నాలిక కొసకి అద్ది
ఉప్పు చూసింది.

సాయంత్రం డోన్ ఫ్రోయ్‌లాన్ ఫోను చేశాడు.
కొడుకు పెళ్ళి సంగతి చెప్పాడు,
వర్షాల సంగతి చెప్పాడు,
చివరికి
"మూడింటి సగటు ఇరవై ఒకటి కదమ్మా,
అడిగింది ఇరవయ్యే కదా" అన్నాడు.
"ఔను, ఇరవయ్యే" అంది ఎడెల్మీరా.
"సగటు స్తంభం ఏ మూల ఉందో చెప్పండి,
పైకప్పంతా దాని మీదే పెడదాం."
అటువైపు చాలాసేపు
వాన చప్పుడు మాత్రమే వినిపించింది.

పడవలు వీధుల్లోకి ఎక్కి వచ్చిన ఏడాది నుంచీ
ఆమె ఎవరింటికి వెళ్ళినా
ముందు వేలి కణుపుతో గోడ మీద తడుతుంది,
తర్వాతే కూర్చుంటుంది.
చుట్టాలు నవ్వుతారు.
పుచ్చకాయ బేరమా ఎడెల్మీరా, అంటారు.
ఆమె కూడా నవ్వుతుంది,
ఒక చెవి గోడకే వదిలేసి.

శనివారం కోత యంత్రంతో బడికి వెళ్ళారు.
నీళ్ళు, బురద, పళ్ళు జివ్వుమనే శబ్దం.
స్తంభంలోంచి జానెడు కడ్డీలా
రాతి ముద్ద బయటికొచ్చింది.
తాడు కిందనుంచి దూరి వచ్చిన ఓ పిల్ల
ఆ రంధ్రంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి
"లోపల ఇసక రాలుతోంది" అంది.

ఎలెయాసర్ పుస్తకం తెరిచాడు.
పదకొండు దశాంశం ఎనిమిది
సిరాతోనే ఉంది.
పక్కన 'ఇతర గమనికలు' అనే గడి ఖాళీ.
"ఏం రాయమంటారు?"

"ఆ పిల్ల పేరు కనుక్కో" అంది.
"సాక్షి సంతకం కావాలి."