ముప్పావులో ఎన్ని నూళ్ళు

హొంగసంద్రలో మూడంతస్తుల మీద రేకుల గది.
రాత్రి తొమ్మిదిన్నర.
బియ్యం డబ్బాకు ఆనించిన ఫోన్లో
పచ్చ కాటన్ చీర కట్టుకున్న మేడమ్
భిన్నాలను భాగిస్తోంది.

ఫోన్ అద్దానికి మూల నుంచి మూలకు పగులు.
ఆమె రాసే ప్రతి అంకే
ఆ గీత దాటి రావాల్సిందే.

మా కాళిక ఆరో తరగతి.
ఇంగ్లీషులో వింటుంది,
బళ్ళో కన్నడంలో నవ్వుతుంది,
నాకు తెలుగులో చెబుతుంది.
మా ఆయనే ఇంట్లో లెక్కలు చెబుతాడని
మా ఆవిడ వీధంతా చెప్పుకుంది.
నిజానికి నేను చెప్పేదల్లా
"ఇంగోసారి పెట్టు పాపా" అని.

పొద్దున ఎనిమిది నుంచి
ఎవరి వంటిళ్ళకో అరలు బిగించి వస్తాను.
చెవి వెనక పెన్సిలు తీయడం మరిచి
అట్లే కూర్చుంటాను పాఠానికి.
జుట్టులోని రంపపు పొట్టు నోటుబుక్కు మీద రాలుతుంది.
పాప ఉఫ్ఫని ఊదేసి రాసుకుంటుంది.

"రెండో భిన్నాన్ని తిరగేసి గుణించండి. అంతే"
అంది మేడమ్.

అంతే.
ఈ మాట నేను ముందే విన్నాను.
కదిరి పక్కన మా బడిలో, ఏడో తరగతిలో,
ఓబుళేసు సారు సుద్దముక్కతో బోర్డును టక్కుమనిపించి
"తిరగెయ్, గుణించు, అంతే" అన్నాడు.
"ఏంటికి తిరగెయ్యాల సార్?" అన్నాను.
బెత్తం తిరగేశాడు.

మరుసటేడు చిన్నాయన కొట్టంలో బాడిసె పట్టుకున్నాను.
దెబ్బ వల్లే అని అనను.
నాయన అప్పులున్నాయి, రాని వానలున్నాయి,
నాక్కూడా బడంటే మోజు తీరిపోయింది.
కానీ ఆ ప్రశ్న మాత్రం
తల విరిగిన మేకులా కర్రలోనే ఉండిపోయి
చిత్రిక పట్టినప్పుడల్లా
ఉలికి తగిలి గీరుకునేది.

కాళిక తెర మీద వేలు ఆనించింది.
మేడమ్ ఆగిపోయింది,
చెయ్యి పైకెత్తి, నోరు సగం తెరిచి,
కన్ను మూసీ మూయనట్టు.
"ఏంటికి నాయనా తిరగేసేది?"

ఆ ఆగిన మొహం వైపు చూశాను.
వెయ్యిసార్లు చెప్పమన్నా విసుక్కోదు,
ఒక్కసారి ఎందుకని అడిగినా వినపడదు.

సంచిలోంచి స్టీలు స్కేలు తీశాను.
కోరమంగల ఫ్లాట్లో మిగిలిన ప్లైవుడ్ తునక
మంచం కింద ఉంటే లాగాను.
"దీని మందమెంత?"
"త్రీ బై ఫోర్."
"ముప్పావు. ముప్పావులో ఎన్ని నూళ్ళు?"
నూలంటే దానికి తెలీదు.
ఇంచీలో ఎనిమిదో వంతు అని చెప్పి
గోటితో ఒక్కో గీతా దాటించాను.
ఐదు దగ్గర నేను ఆగాను,
ఆరు అదే చెప్పింది.

"ముప్పావును నూలుతో భాగించినావు. ఆరొచ్చింది.
ఇంచీకి ఎనిమిది నూళ్ళు గదా,
ముప్పావుకు ఎనిమిదిలో ముప్పావు వంతు.
ఇప్పుడు చెప్పు,
అడుగునున్న ఎనిమిది పైకెట్లొచ్చింది?"

స్కేలు చూసింది. ఆగిపోయిన మేడమ్‌ని చూసింది.
పెదాలతో ఏదో గొణుక్కుంది.
"మనం తిరగెయ్యలేదు నాయనా.
ఎన్ని పడతాయో లెక్కపెట్టినాం. అదే తిరిగింది."

ఇరవై ఎనిమిదేళ్ళుగా
తలుపులకు, బీరువాలకు, ఒకరిద్దరి పాడెలకు
రోజూ ఇదే చేస్తున్నాను.
దీన్ని భాగహారమంటారని తెలీకుండా.

కాళిక మళ్ళీ వేలు ఆనించింది.
ఎత్తిన చెయ్యి దిగింది, కన్ను తెరుచుకుంది,
సగం నోట్లో ఉన్న మాట బయటికొచ్చింది:
"అర్థమైందా?"
"ఆఁ" అంది పాప గట్టిగా,
అద్దం లోపలికి వినపడాలన్నట్టు.
నేనూ అన్నాను, కొంచెం మెల్లగా.

తర్వాతి పాఠం దశాంశాలు. దానంతటదే మొదలైంది.
చుక్క తర్వాత సున్నా, సున్నా తర్వాత ఐదు.
నా స్కేలుకు ఆ వైపు సెంటీమీటర్లున్నాయి గానీ
ఎప్పుడూ తిప్పి చూడలేదు.

"మీ చదువులు చాల్లే, డబ్బా ఇట్లియ్యండి,
దోసెలకు నానబెట్టాల" అని
మా ఆవిడ బియ్యం డబ్బా లాక్కుంది.

ఫోన్ వెల్లకిలా పడింది.
మేడమ్ ఇంకా ఓపిగ్గా
మా రేకులకు దశాంశాలు చెబుతూనే ఉంది.