నాలుగు గోళ్ళకు ఒక స్టాంపు

రెండిట్లో ఒకటి అమ్మెయ్యాలి.
డాబాగార్డెన్స్‌లో బేరగాడు పదకొండింటికి షట్టరెత్తుతాడు.
ఇప్పుడు నాలుగూ యాభై.
ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర టీ గ్లాసు గోడ మీద పెట్టి
భుజానికొకటి తగిలించుకున్నాను
కావడిలా. ఒక పక్కకు ఒరిగిపోయే కావడి.

పెద్దదాని లోపలి పలక తపాలా స్టాంపంత,
చిన్నదానిది నా బొటనవేలి గోరంత.
నాలుగు గోళ్ళు పరిస్తే ఒక స్టాంపు,
కాస్త అటూ ఇటూ.
వెలుతురు వాన అనుకోండి,
ఒకటి గంగాళం, ఒకటి మరచెంబు,
తేడా అంతేనని కంచరపాలెంలో
పని నేర్చుకునే పిల్లలకు చెబుతుంటాను.
అంతే కాదని నాకు తెలుసు.

రెండిట్లోనూ అద్దం లేదు.
పాతదానికి ఉండేది, నొక్కితే టపుక్కున లేచేది,
పీటల మీద పెళ్ళికొడుకు ఉలిక్కిపడేవాడు.
ఇప్పుడు దొంగలా పని చేసుకుపోవచ్చు.

పెద్దది నాకు అన్నం పెట్టింది.
గాజువాక కల్యాణమండపంలో కరెంటు పోతే
సెల్‌ఫోన్ల వెలుగులో పోసిన తలంబ్రాలను
గింజ గింజా లెక్కపెట్టేంత శుభ్రంగా తీసింది.
అదే చీకట్లో చిన్నది
పెళ్ళికూతురి బుగ్గల నిండా బొంబాయి రవ్వ చల్లింది.
నిజమే.
కానీ పెద్దది, లెన్సుతో కలిపి, రెండు కిలోలకు వంద తక్కువ.
నా కుడి మణికట్టు దాన్ని
నిద్రలో కూడా మోస్తోంది.

ఐదున్నరకి బోట్లొచ్చాయి.
డాల్ఫిన్ నోస్ మీద దీపం ఇంకా తిరుగుతోంది,
ఎవరూ చూడకపోయినా.
తెడ్డు పరదేశమ్మ వంజరాల తట్ట ముందు కూర్చుని
రేటు అరుస్తోంది.
అరవనప్పుడల్లా అడ్డచుట్ట, నిప్పు నోటిలోకి.

పెద్దదానికి యాభై, చిన్నదానికి ఇరవై ఐదు:
రెండిటి చూపుమేరా ఒక్కటే.
అక్కడే నిలబడి, అంతే అపర్చరు తెరిచి,
దాంతో ఒకటి, దీంతో ఒకటి.

పెద్దదాంట్లో ఆమె ఒక్కతే.
ముక్కుపుడక మీద పొద్దు, కనురెప్పకు అంటిన పొలుసు.
వెనక లోకమంతా కరిగి వెన్న.
మురిసిపోయి చూపించాను.
"నా యెనకాల ఏటిది పిల్లా, పొగమంచా?
బోట్లేవీ? మనుసులేరీ?
సంద్రం తుడిసీసినావేటి?"

చిన్నదాంట్లో అన్నీ ఉన్నాయి.
బోటు నంబర్లు, తాడు మీద ఆరేసిన చొక్కా,
జారిపడ్డ కానాగంత కోసం రెండు పిల్లులు,
ఐసు పెట్టెల చాటున ఒక తల.
ఆమె చుట్ట తీసింది.
"ఆగాగు. ఈడు బండియ్య కాడేటి?
గుజరాతు బోటెక్కీసినాడని ఆడి పెళ్ళాం సెప్పింది.
ఆర్నెల్లు! పన్నెండు వేలు, సావళ్ళ బాకీ!"
తట్ట చెల్లెలికి అప్పజెప్పి, కుచ్చిళ్ళు దోపి,
పెట్టెల వైపు నడిచింది.
తరవాత నేను విన్నది
ఏ పలక మీదా పడేది కాదు.

టీ చల్లారిపోయింది.
మసకే అందమని ఎన్నేళ్ళుగా అమ్ముతున్నానో లెక్కేసుకున్నాను.
ఎన్ని ఆల్బమ్‌లలో
రెండో బంతికీ పిలుపు రాని మేనత్తని,
స్తంభానికి ఆనుకుని చూస్తున్న పెళ్ళికాని అక్కని,
వెన్నలో కలిపేశానో.
డబ్బులిచ్చినవాళ్ళెవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

పదకొండింటికి పెద్దదాన్ని బేరగాడి బల్ల మీద పెట్టాను.
గీతలు చూశాడు, ఊది చూశాడు, ధర చెప్పాడు.
మంచి ధరే.
"శ్రావణం వెళ్ళాక ఇస్తాను,
ఏడు పెళ్ళిళ్ళు ఒప్పుకున్నాను" అని
మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.
చిన్నది మెడలోనే ఉంది, పట్టీకి నీచు వాసన.

అల్లిపురం ల్యాబులో ఒకటే ప్రింటు, ఆరు బై ఎనిమిది.
పెద్దమనుషులకి చూపించడానికట.
సాయంత్రం తీసుకెళ్ళి ఇస్తే
పరదేశమ్మ తన మొహం వైపు చూడనేలేదు.
మనవడి పెన్ను లాక్కుని
బండియ్య తల చుట్టూ సున్నా చుట్టింది.