వైట్‌నర్

జూలైలో రాశాను పద్దెనిమిది పేర్లు,
నీలం సిరాతో, రూళ్ళ కాగితం మీద.
సెప్టెంబరుకి వైట్‌నర్ సీసా అడుగంటింది.

ముందు చెంగయ్య పోయాడు, మా గోల్‌కీపరు.
ఒంగోలు కాలేజీ వాళ్ళు హాస్టలు ఫీజు వద్దన్నారట,
స్టడ్స్ ఉన్న బూట్లు, ఆదివారం కోడికూర.
టీసీ కోసం ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి
నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకున్నాడు,
నేను కొనిచ్చిన గ్లవ్స్ ఇంకా వాటికే ఉన్నట్టు.
"పోరా అబ్బయ్యా, బాగా తిను" అన్నాను.
తెట్టు, ఉలవపాడు, సింగరాయకొండ,
ప్యాసింజరులో కునుకు పట్టేలోపు ఒంగోలు.
అయినా యూనివర్సిటీ వేరు, మైగ్రేషన్ కావాలి.
సముద్రం దాటేవాడికి మల్లే
మూడు సంతకాలు, రెండు ఫోటోలు.

మస్తాన్ వలీ హాజరు అరవై రెండు శాతం.
రాత్రంతా రొయ్యల గుంటల దగ్గర ఏరేటర్లు కాస్తాడు,
పొద్దున క్లాసులో బల్ల మీద తల వాలుస్తాడు.
ఉన్నట్టా, లేనట్టా?
లేనట్టే వేశాడు లెక్చరరు.

వచ్చినవాడూ ఒకడున్నాడు.
మాల్యాద్రి, ఉదయగిరి నుంచి, మెట్టనేల కాళ్ళు,
ఎడమకాలితో తంతే బంతి వంపు తిరిగి
గోడ చాటు మనిషిని కూడా వెతుక్కుంటుంది.
చదువు మధ్యలో కాలేజీ మారినవాడు
ఏడాది ఆగాలని రూలు.
ఆగుతున్నాడు.
రైలు పట్టాల అవతల పడ్డ బంతి తెచ్చేది వాడే.

ఇక పోలరాజు.
తుమ్మలపెంట నుంచి సైకిలు మీద వస్తాడు.
నాలుగేళ్ళు నడిసముద్రంలో ఉండి
మళ్ళీ చదువుకుంటానని వచ్చినవాడు.
మా గోలుకి వల కొనే డబ్బుల్లేనప్పుడు
వాళ్ళ నాయన పాత వల మోసుకొచ్చి కట్టాడు.
ఉప్పు కోసం మేకలొచ్చి నాకేవి,
నెల రోజులు కాకులు వదల్లేదు.
వాడి వయసు ముప్పై రోజులు ఎక్కువైంది.
పదో తరగతి కాగితం అట్టా అంటోంది.

వాళ్ళమ్మ చేపల తట్ట దించి
ఆఫీసు మెట్ల మీద కూర్చుంది.
"బళ్ళో మజ్జానం అన్నం పెడతన్నారంటే
మూడేళ్ళోడికి అయిదని రాపిచ్చినా మేడం.
ఆ రెండేళ్ళూ ఇప్పుడు కొట్టేయండి."
వాళ్ళ నాయన జేబు తడుముకున్నాడు.
"నావ కొన్న యేడే పుట్టాడు వీడు.
నావకి కాగితం ఉండాది, చూడండి."
చూశాను. ప్లాస్టిక్ కవర్లో నాలుగు మడతలు.
నావకి ఇరవై మూడేళ్ళు.
నావ ఆడొచ్చు.

ఫారంలో అందుకు గడి లేదు.
తిన్న అన్నం ఇరవయ్యేళ్ళకి తిరిగి అడుగుతారని
ఆ తల్లికెవరు చెప్పాలి?
నాదీ గెస్టు పోస్టే.
ప్రతి మార్చిలో నా పేరు మీదా ఎవరో తెల్లగా పూసి
ఆరాక మళ్ళీ నన్నే రాస్తారు.
ఆరేలోపు నెలలకి జీతం ఉండదు.

మొన్న ఆదివారం ఒంగోలు వాళ్ళొచ్చారు, ఉత్త ఫ్రెండ్లీ మ్యాచి.
ఫ్రెండ్లీకి పుట్టిన తేదీ అడగరు.
పోలరాజు దిగాడు, మాల్యాద్రి దిగాడు,
మస్తాన్ ఆవలిస్తూ దిగాడు.
అవతల గోల్లో కొత్త బూట్లతో చెంగయ్య,
వాడి వెనక వాడికి బాగా తెలిసిన వల.

పొద్దు వాలేటప్పుడు పోలరాజు కొట్టాడొకటి, నేలబారుగా.
బంతి పట్టాల గట్టు మీద తేలింది.
పోస్టు బయటనుంచి పోయిందని ఒంగోలు పిల్లలు,
లోపల్నుంచని మావాళ్ళు.
విజిల్ నా నోట్లో ఉంది, ఎండ నా కళ్ళల్లో ఉంది.
నేను చూడలేదు.

చెంగయ్య లేచి మోకాళ్ళ దుమ్ము దులుపుకున్నాడు.
"గోలే మేడం. ఈ కింద మూల చిరుగు
నేనిక్కడ ఉన్నప్పటిదే."

ఎవరూ ఏమీ అనలేదు.
మాల్యాద్రి, అలవాటు కొద్దీ,
అప్పటికే పట్టాలు దాటుతున్నాడు బంతి కోసం.