రెండో మంగళారం

ఓపీ చీటీల లైను కాడ కాదు,
మెట్ల కింద, చక్రం ఊడిన స్ట్రెచర్ పక్కన
మా బెంచి.
తస్లీమ్ అక్క ఆన్నే కూసుంటుండె,
యాకుత్‌పురా జిరాక్స్ షాపుకు ఒంటిపూట సెలవు వెట్టి,
ఒళ్ల బట్ట సంచి.
అండ్ల మీటరు, పల్లీల పొట్లం,
ఎవ్వలకన్న కండ్లు తిరిగితే అని గుప్పెడు చక్కెర.

నాకప్పుడు పదమూడేండ్లు.
మా అడ్డగుట్టల షుగరంటే ముసలోళ్ల రోగం.
"గింత పోరికా?" అని నోరు నొక్కుకున్నోళ్లు
"మిఠాయిలు బాగ తినిపిచ్చినవా" అని అమ్మనడిగిన్రు.
మా ఇల్లు మిఠాయి మొఖం చూసిందెప్పుడని
ఒక్కరు అడగలే.

గోడకు పోస్టరు:
సూది ఏడ పొడవాలెనో బాణం గుర్తులు.
ఆ బొమ్మల పోరి పొట్ట పాల మీగడ లెక్కుండె.
నేను నా దిక్కు చూసుకున్న.
అక్క కమీజు అంచు ఇంతంత లేపింది,
ఎండిన రేగుపండు రంగు తోలు,
బొడ్డుకు ఎడమ దిక్కు ఒక గడ్డ.
"నొప్పి లేదని ఏడాది ఈడనే పొడుచుకున్న.
నువ్వు తాపకో జాగ మార్చు."
గది పోస్టరు చెప్పలే.

నోటుబుక్కు అడిగింది.
నూట ఇరవై. నూట పద్దెనిమిది. నూట ఇరవై రెండు.
నెల మొత్తం ఒకటే నీలి పెన్ను.
నిన్న రాత్రి ఒక్క కూసుట్ల రాసిన లెక్కలు.
స్ట్రిప్పుకు ఇరవై ఐదు రూపాయలు,
బాపు హమాలీ,
అసలు లెక్క గది.

నవ్వలే. తిట్టలే.
"పెన్నులన్న మార్చాలె పిచ్చీ," అన్నది,
"నేను మూడు పెన్నులతోని రాసేదాన్ని,
నిజమనిపియ్యాలని చాయ్ మరక గూడ వెట్టిన."
తర్వాత?
"తర్వాత ఐసీయూ. నాలుగు దినాలు."
పల్లీ ఒకటి నోట్లేసుకుంది.

ఫ్రిజ్ లేకుంటే కుండల కుండ వెట్టి
నడుమ తడి ఇసుక పొయ్యుమని చెప్పింది.
రోజా నడుమ షుగర్ పడిపోతే
ఇంటిల్లిపాది చూస్తుండంగ తను ఖర్జూరం కొరికిందట.
"అల్లా లెక్క రాస్తడు గని దొంగలెక్క రాయడు."
బళ్లె బాత్రూముల దాక్కోని సూది వేసుకోకు,
బెంచీ మీదనే వేసుకో అన్నది.
గది నాకు ఇప్పటికీ చాతగాదు.
సారు బోర్డు దిక్కు మళ్లేదాకా ఆగుత.

ఇప్పుడు అక్క నర్సింగు ట్రైనింగుల,
మంగళారం డ్యూటీ.
సంచి నా ఒళ్ల.

ఎదురుంగ సంతు. ధరావత్ సంతు, పన్నెండేండ్లు,
బోరబండ రేకుల ఇండ్ల నుంచి.
తాత ఆకుపసరు పోస్తుండట,
సూది బంద్ వెట్టుమంటుండట.
ఈ ముచ్చట వాళ్లమ్మ చెప్పింది, వాడు చెప్పలే.
వాడు చెప్పు కొసతోని బండ గీకుతున్నడు.

బుక్కు ఇచ్చిండు.
నూట ఇరవై, నూట ఇరవై, నూట ఇరవై.
పాపం, వీనికి అబద్ధం గూడ సక్కగ రాదు.

డాక్టరమ్మ ఇచ్చిన కాయితంల
నేనేం చెప్పాలెనో పది మాటలున్నయి.
ఒక్కటి గూడ నోట్లెకు రాలే.
నా బుక్కు తీసి వాని ముందట తెరిచిన.
ఇయ్యాల పొద్దుగాల: రెండొందల ఎనభై ఏడు.
మొన్న: యాభై నాలుగు,
పక్కన వంకర అక్షరాలల్ల
'బస్సుల చెమటలు, చక్కెర బుక్కిన'.
నడుమ నడుమ స్ట్రిప్పులు లేని దినాలు.
గడులు ఖాళీ.

చాన సేపు చూసిండు.
ఖాళీ గడి మీద వేలు వెట్టిండు.
"గిట్ల ఇడ్సిపెట్టొచ్చా?"

"పెట్టొచ్చు.
తాత పసరు పోసిన దినం గూడ రాస్కో.
సూది మాత్రం ఆపకు.
అది ఆపి నేను బాగైనోళ్లను చూడలే."

పల్లీల పొట్లం వాని దిక్కు జరిపిన.
తీసుకోలే.
పెన్ను అడిగిండు.