బెల్లం పొయ్యి

మా సెగరాయునికి గుడి లేదు.
ఇసుక దేశం నుంచి మట్టిముంతలో
ఒక్క నిప్పుకణికై వచ్చినాడంట.
ముంత మోసిన ముత్తవ్వ అరచేతి బొబ్బ
చచ్చేదాకా ఆరలేదని జేజి చెప్పేది.

ఆర్పమనేవాళ్లు దోవపొడుగునా ఉండారు.
పీలేరు సంతలో కడివెడు నీళ్లు పోసినారు.
ఇంకోచోట ముంతే పగలగొట్టినారు.
కొంగులో రెండు బొగ్గులు మిగిలినాయి,
కొంగు మిగల్లేదు.

పెనుమూరు పక్కన గానుగకాడ
బెల్లం పొయ్యి మండించే పనికి కుదిరినాము.
"యాడరా మీ సామి?" అంటా ఒక రాత్రి వచ్చి
గోనెసంచులు కుమ్మినారు,
పిప్పి వామి కూలదోసినారు,
జేజి జుట్టుముడి కూడా విప్పి చూసినారు.
పొయ్యిని మాత్రం ఎవురూ అడగలేదు.
దాని ముందరే కూచుని చలి కాచుకున్నారు.
మోదుగాకులో వేడి పాకం నాకి
ఏలకులేస్తే ఇంకా బాగుండునన్నారు.

చిన్నాయన రేకప్ప
పిప్పి ఎగదోస్తా, పెదవి కదపకుండా
మొక్కుకుంటానే ఉండాడు.

గానుగ మూతపడి పన్నెండేండ్లు.
చిత్తూరులో అద్దె ఇల్లు, గ్యాసు స్టవ్వు.
లైటరు నొక్కినాక మా చెల్లెలు
నీలిమంట దగ్గర ఒక్క గడియ ఆగుతుంది,
ఎవురో పిలిచినట్టు.
అప్పుడే పాలు పొంగిపోతాయి.

నాకా, నమ్మకం లేదు.
అయినా పొయ్యికాడికి
చెప్పులేసుకుని పోను.