ఎండకు పెట్టిన సెల్లులు

తోతాపురి కాలం.
గుడిపాల దాటినాక గుజ్జు ఫ్యాక్టరీలో నాది రాత్రి డ్యూటీ.
రెండున్నరకి, కాటా దగ్గర లారీలు పలచబడినాక
ఫోన్లో దొరికింది, వెతక్కుండానే:
'తారా డాక్'.
గ్రహాలకి ఉత్తరాలు మోసే ఓడ కథ. పదమూడు వారాలు వచ్చింది.
ముప్పై ఏళ్ళుగా ఎవర్ని అడిగినా
అట్లాంటిది లేదే అన్నారు.
నేనే కలగన్నానేమో అని ఊరుకున్నా.

పేర్లు పడతా ఉంటే అరచేతిలో చెమట.
కాసేపటికి నవ్వొచ్చింది.
ఓడ గోడలు కోడిగుడ్ల అట్టలు, వెండి రంగు పూసినవి.
శనిగ్రహాన్ని వేలాడగట్టిన దారం
కళ్ళకి కట్టినట్టు కనపడతా ఉంది.
కెప్టెన్ చేతిలో తుపాకి
మా అమ్మ మురుకులు ఒత్తే గొట్టమే, పిడితో సహా.
దీనికేనా మేము ఊపిరి బిగబట్టింది?
అయినా నాలుగో భాగంలో ఆ ఇనుప తలుపు తెరుచుకునేటప్పుడు
టీ గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది.

సంతపేటలో బెల్లం మండీ వడివేలు మొదలియార్ ఇల్లు.
టీవీ లోపల. మేము బయట, కిటికీ ఊచలకి.
మునెయ్య మిద్దెక్కి యాంటెనాని మద్రాసు పక్కకి తిప్పతా
"వచ్చిందా? రే, వచ్చిందా?" అని అరిచేవాడు.
పాపం, వాడు ఒక్క భాగమూ చూసింది లేదు.
అరవ వార్తలు అయిపోతే హిందీ.
ఆ హిందీ మాలో ఎవరికీ రాదు, షంషాద్‌కి తప్ప.
పదకొండేళ్ళ పిల్ల. వాళ్ళింట్లో ఉర్దూ.
ఊచల మీద గడ్డం ఆనించి, చెనిక్కాయలు నములుతా
విశ్వం మొత్తాన్ని మాకు తెలుగు చేసేది.
"ఈ ఉత్తరం నూరేండ్లు లేటంట, కెప్టెన్ చెప్తా ఉండాడు."
"అయినా ఇచ్చి రావల్లా అంటా ఉండాది డబ్బా."
డబ్బా అంటే ఓడలో మరమనిషి.
బాయిలర్ రేకు ఒళ్ళు, సైకిల్ డైనమో లైట్లు కళ్ళు.

నాకిప్పుడు హిందీ వస్తుంది.
సీజన్‌కి బీహార్ నుంచి దిగే పిల్లోళ్ళు నేర్పించినారు,
ముందు తిట్లు, తర్వాత కూలి లెక్కలు,
తర్వాత్తర్వాత ఇంటి సంగతులు.
అందుకే తెలిసిపోయింది.
నూరేండ్ల ఉత్తరం దాంట్లో లేనే లేదు.
ఆ కెప్టెన్ మాట్లాడింది ఇంధనం గురించి.

పదమూడో భాగం, చివర.
డబ్బా కన్ను ఒకటి ఆరింది. రెండోదీ ఆరింది.
కెప్టెన్ టోపీ తీసి అన్నాడు:
ఇది ఇంక లేవదు.
ఇక్కడే, ఈ చీకట్లోనే వదిలి పోదాం.

షంషాద్ ఆ రోజు చెప్పింది ఇది కాదు.
నమిలేది ఆపి, కొంచెం ఆలస్యంగా చెప్పింది:
"నిద్రపోతా ఉండాది. సెల్లులు అయిపోయినాయి, అంతే.
తెచ్చేదానికి పోతా ఉండారు."

వాళ్ళ అబ్బా అప్పుడు రాయవేలూరు ఆస్పత్రిలో ఉన్నాడు.
నాకు తెలియంది కాదు.
రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు, ఈ కాటా గదిలోకి వచ్చేదాకా.

శబ్దం తీసేసి ఆ భాగం మళ్ళీ పెట్టినా.
టోపీ తీస్తాడు. పెదాలు కదుల్తాయి.
ఆ పిల్ల గొంతు ఎంత వెతికినా రాలేదు,
చెనిక్కాయ పొట్టు చిట్లిన చప్పుడు తప్ప.

ఆ మర్నాడు వీధి వీధంతా తిరిగినాం.
టార్చిలైట్లవీ రేడియోలవీ
చచ్చిన సెల్లులు, పద్నాలుగు దొరికినాయి.
ఎండ తాగితే ప్రాణమొస్తుందని గంగులప్ప అంటే
షంషాద్ వాళ్ళ పిట్టగోడ మీద వరసగా పెట్టినాం.
బడి వదలంగానే ఆ పిల్ల మిద్దెక్కి
వడియాలు తిరగేసినట్టు
ఒక్కొక్కదాన్నీ తిప్పి పెట్టేది.

వానలు పడినా ఎవరూ తీయలేదు.
వాళ్ళు ఇల్లు అమ్మేసి పోయినాక కూడా
సున్నం మీద ఆ తుప్పు మరకలు చాన్నాళ్ళు ఉన్నాయి.
ఒకసారి లెక్కబెట్టినా.
పదమూడే.